కూర్పు సంఖ్య: డెబియన్ పద్ధతి గుణదోష విమర్శ

గ్రంథము అచ్చై వెలువడునపుడు లోపలి పుటపై "రెండవ కూర్పు" అనియో, "సవరించిన మూడవ కూర్పు" అనియో ముద్రించుట ఆచారము. చదువరికి ఆ మాట రెండు సంగతులు తెలుపును. తన చేతిలోనిది ఏ పాఠము అన్నది ఒకటి. అది ముందటి దానికంటె తరువాత వచ్చినది అన్నది రెండవది. ఈ రెండును వేరువేరు సంగతులు. గ్రంథముల విషయములో ఈ భేదము ఎవరినీ పెద్దగా బాధింపదు. మూడవ కూర్పు కొన్నంతమాత్రమున రెండవ కూర్పు బీరువానుండి మాయము కాదు. క్రొత్తది నచ్చనివాడు పాతదానినే తీసి చదువుకొనును.

కంప్యూటరులోని ప్రోగ్రాముల సంగతి అట్లు కాదు. సాధారణముగా క్రొత్త కూర్పు వచ్చి కూర్చున్నచోట పాత కూర్పు మిగులదు. పైగా, ఏది క్రొత్తది, ఏది పాతది అని నిర్ణయించువాడు మనుష్యుడు కాడు. కూర్పు సంఖ్యను చదువు యంత్రము. కాబట్టి ఆ సంఖ్యను ఎట్లు వ్రాయవలెను, ఎట్లు చదువవలెను అన్నది చిన్న విషయమువలె కనిపించినను, లక్షలాది యంత్రముల క్షేమము దానిపై ఆధారపడియున్నది.

2024 మార్చి నెలాఖరున, డెబియన్ అను ఆపరేటింగు సిస్టములో ఇంకను పరీక్షలోనున్న శాఖలను వాడువారికి ఒక ప్యాకేజీ ఈ వింత సంఖ్యతో అందినది: 5.6.1+రియల్లీ5.4.5-1. రియల్లీ అనగా "నిజమునకు" అని అర్థము. పైకి 5.6.1, నిజమునకు లోపల ఉన్నది 5.4.5. సీసాపై ఒక మందు పేరు, సీసాలో మరొక మందు. ఆ సంగతి అదే చీటీపై వ్రాసియున్నది. ఇది అసత్యమా? లేక, ఆ పద్ధతిలో సత్యము చెప్పుటకు మిగిలిన ఒకే ఒక దారియా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో డెబియన్ కూర్పు పద్ధతి బలము, బలహీనత రెండును బయటపడును.

మూట విప్పువాడు, లెక్క చూచువాడు

డెబియన్‌ను 1993 ఆగస్టు 16వ తేదీన ఇయాన్ మర్డాక్ అను అమెరికను విద్యార్థి ప్రారంభించెను. అది యూనిక్సు కోవకు చెందినది. లినక్సు కెర్నెలుపై నిలిచినది. దేశదేశములలోని స్వచ్ఛంద కార్యకర్తలు దానిని పోషించుచున్నారు. ఉబుంటు మొదలుగా అనేక సిస్టములు దాని పునాదిపై లేచినవి. మన దేశమున సీ-డాక్ సంస్థ రూపొందించిన "బాస్" కూడ ఆ పునాదిపై కట్టినదే. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో 69,830 ప్యాకేజీలు కలవు. అందుచేత డెబియన్ నియమములలోని గుణమైనను, దోషమైనను ఒక్క డెబియన్‌తో ఆగదు.

ప్యాకేజీ అనగా ఒక మూట. ప్రోగ్రామునకు కావలసిన ఫైళ్లు, ప్యాకేజీ పేరు, కూర్పు సంఖ్య, ఇది పనిచేయుటకు మరి ఏయే ప్యాకేజీలు ఉండవలెనో తెలుపు జాబితా, స్థాపించునపుడును తొలగించునపుడును నడుపవలసిన చిన్న ఆదేశపత్రములు అందులో ఉండును. ఈ మూటను విప్పి, ఫైళ్లను వాటి వాటి స్థానములలో సర్ది, ఏమి సర్దినదో ఒక పట్టికలో వ్రాసికొను ప్రోగ్రాము పేరు డీపీకేజీ. అది 1994లో పుట్టినది. దానిపైన ఆప్ట్ అను మరొక సాధనము కలదు. 1999లో వచ్చిన డెబియన్ 2.1తో అది వాడుకలోనికి వచ్చినది. డీపీకేజీ చేతికిచ్చిన మూటను విప్పును. అంతకు మించి ఎరుగదు. ఆప్ట్ గుమాస్తా వంటిది. ఏ మూట ఎక్కడ దొరకును, దేనికి ముందు ఏది రావలెను, ఉన్నదానికంటె క్రొత్తది వచ్చినదా అని లెక్క చూచి డీపీకేజీకి పని అప్పగించును.

ఒక ప్రోగ్రామునకు ఒకే కూర్పు ఏల ఉండవలెను అన్న సందేహము సహజము. దీనికి కారణము ఉమ్మడి లైబ్రరీలు. దత్తాంశమును కుదించుట, గుప్తలేఖనము చేయుట వంటి పనులను ప్రతి ప్రోగ్రామును తనకు తానుగా చేసికొనదు. అట్టి పనులకు ఒక లైబ్రరీ ఉండును. పదులకొలది ప్రోగ్రాములు దానినే వాడుకొనును. ఇది ఊరుమ్మడి బావి వంటిది. బావిలో పూడిక ఒకమారు తీసినచో ఊరందరకును మంచినీరు. బావిలో విషము పడినచో ఊరందరకును కీడు. కనుకనే ఆ బావిలో ఏ కూర్పు నీరున్నదో తెలుపు సంఖ్యకు అంత ప్రాముఖ్యము.

సంఖ్యకు వ్యాకరణము

డెబియన్ కూర్పు సంఖ్యలో మూడు భాగములుండవచ్చును. మొదటిది శకము, దాని తరువాత రెండు చుక్కలు. రెండవది మూలకర్తలు తమ ప్రోగ్రామునకు ఇచ్చిన కూర్పు. మూడవది అడ్డగీత తరువాత వచ్చు డెబియన్ సవరణ సంఖ్య. గ్రంథముతో పోల్చినచో, రెండవ భాగము రచయిత ఇచ్చిన కూర్పు. మూడవ భాగము ప్రకాశకుడు తప్పొప్పులు దిద్ది వేసిన పునర్ముద్రణ.

పోల్చు నియమము నిరాడంబరమైనది. ఎడమనుండి కుడికి చదువుచు, అంకెలు కాని భాగమును అక్షరక్రమములోను, అంకెల భాగమును పూర్ణసంఖ్యగాను పోల్చవలెను. అందుచేత 1.9 కంటె 1.10 పెద్దది. దశాంశభిన్నములకు అలవాటుపడిన కన్నులకు ఇది తలక్రిందులుగా తోచును. కాని ఇక్కడి చుక్క దశాంశబిందువు కాదు. అధ్యాయమునకును ప్రకరణమునకును నడుమ ఉంచు చుక్క వంటిది. పదవ ప్రకరణము తొమ్మిదవ దానికి తరువాతనే కదా. అక్షరములను ముద్రణకు అమర్చు టెక్ అను ప్రోగ్రామునకు డొనాల్డ్ నూత్ ‘పై’ విలువలోని అంకెలను ఒక్కొక్కటిగా చేర్చుచు కూర్పు సంఖ్యలిచ్చెను: 3.14159265, దాని తరువాత 3.141592653. ఈ చమత్కారము యంత్రమునకు తెలియదు. అయినను చుక్క తరువాతిది పొడవైన పూర్ణసంఖ్య గనుక పెద్దదని సరిగానే తేల్చును.

ఈ వ్యాకరణములో రెండు విశేషములు మెచ్చదగినవి. ఒకటి ~ అను గుర్తు. ఇది దేనికంటెనైనను ముందు వచ్చును, శూన్యముకంటెను ముందే. కావున 1.0~బీటా1 అన్నది 1.0 కంటె చిన్నది. తుదికూర్పు వెలువడుటకు ముందు పరీక్షకై పంపిన ప్రతిని, తుదికూర్పునకు అడ్డు రాకుండ ముందుగానే పంపుటకు ఇది వీలు కల్పించినది. ఒక్క గుర్తుతో ఇంత చిక్కు విడదీసిన నియమకర్తల నేర్పు ప్రశంసార్హము.

రెండవది శకము. తెలుగువారికి దీనిని వివరింప నక్కరలేదు. "ప్రభవ నామ సంవత్సరము" అన్నచో ఏ ప్రభవ? 1927లో వచ్చినది ఒకటి, 1987లో వచ్చినది మరొకటి. అరువదేండ్లకొకమారు పేర్లు మరల మొదటికి వచ్చును గనుక, శాలివాహన శక సంవత్సరము కూడ చెప్పినగాని కాలక్రమము తేలదు. ప్రోగ్రాము వ్రాయువారును ఒకప్పుడు తేదీనే కూర్పు సంఖ్యగా పెట్టి, తరువాత మనసు మార్చుకొని 1.0 అని మొదలిడుదురు. యంత్రము దృష్టిలో ఇరువది మొదలుకొని ఒకటికి దిగుట వెనుకడుగు. అపుడు ముందు "1:" అని శకము చేర్చినచో, పాత సంఖ్యలన్నియు క్రిందికి పోవును. ఇమేజ్‌మ్యాజిక్ అను చిత్రముల ప్రోగ్రాము డెబియన్‌లో 8వ శకమున ఉన్నది. అయితే ఒకమారు చేర్చిన శకమును తీయుటకు వీలులేదు. తీసినచో సంఖ్య మరల చిన్నదగును. ఒకనాటి పొరపాటునకు గుర్తుగా అది ప్యాకేజీ ఉన్నంతకాలము దాని నుదుట ఉండవలసినదే.

పాతదిగా తోచిన మంచి కూర్పు

నియమములు బాగుగనే ఉన్నవి. కాని వాటికి నిజమైన పరీక్ష ఆపదలోనే కలుగును. రెండు ఆపదలను చూచినచో చాలును.

గుప్తలేఖనమునకు ఉపయోగపడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో 2012 మార్చిలో వెలువడిన 1.0.1 కూర్పుతో ఒక లోపము ప్రవేశించెను. దూరముననున్నవాడు సర్వరు జ్ఞాపకములోని రహస్యములను కొంచెము కొంచెముగా తోడుకొనుటకు అది దారి ఇచ్చెను. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అను పేరుతో ఈ లోపము లోకమునకు తెలిసినది. మూలకర్తలు అదే దినమున 1.0.1జి అను కూర్పులో దానిని సవరించిరి. 1.0.1 మొదలు 1.0.1ఎఫ్ వరకు గలవి అన్నియు లోపభూయిష్ఠములే.

ఆనాటి డెబియన్ స్థిరశాఖలో ఉన్నది 1.0.1ఇ. అయినను డెబియన్‌వారు 1.0.1జికి పోలేదు. స్థిరశాఖలో క్రొత్త గుణములను చేర్చరాదన్నది వారి నియమము. క్రొత్త గుణముతో క్రొత్త దోషమును రావచ్చును. వారు సవరణలోని కొన్ని పంక్తులను మాత్రమే పాత కూర్పులో అతికి, 1.0.1ఇ-2+డెబ్7యు5 అను సంఖ్యతో విడుదల చేసిరి. మూలకర్తల సంఖ్యను మాత్రమే చదివినవానికి ఇది జబ్బు మనిషి. చివరి తోకను చదివినవానికి జబ్బు నయమైన మనిషి. అంతకు ముందటి శాఖలోని 0.9.8 కూర్పునకు ఈ జబ్బు సోకనే లేదు. అది పాతది గనుకనే బ్రతికినది.

ఇందు డెబియన్ పద్ధతి గుణము స్పష్టము. మూడవ భాగము ఉన్నది గనుకనే, వాడువాని యంత్రములో మరేమియు కదలకుండ ఒక్క లోపము మాత్రము తొలగినది. దోషమును అక్కడనే ఉన్నది. లోకమంతయు "1.0.1జి కంటె పాతది ప్రమాదకరము" అని చాటుచుండగా, డెబియన్ యంత్రము "1.0.1ఇ" అని పలుకుచుండెను. కూర్పు సంఖ్య మొదటి భాగమును మాత్రము చూచి తీర్పు చెప్పు పరీక్షాసాధనములు నేటికిని ఇట్టి యంత్రములపై నేరము మోపుచుండుట కద్దు. సంఖ్య తప్పు చెప్పలేదు. దానిని సగము చదివినవారు తప్పు చదివిరి. కాని సగమే చదువుటకు వీలైనట్లు వ్రాసిన సంఖ్యను గూర్చియు ఒక మాట అనక తప్పదు.

క్రొత్తదిగా తోచిన పాత కూర్పు

రెండవ ఆపద దీనికి సరిగా విలోమము. ఎక్స్‌జెడ్ అనునది ఫైళ్లను కుదించు సాధనము. దాని లైబ్రరీ నిజమైన ఊరుమ్మడి బావి. జియా టాన్ అను పేరుతో కొన్ని సంవత్సరములు ఓపికగా పనిచేసి, నిర్వాహకుని నమ్మకము సంపాదించిన ఒక వ్యక్తి, 2024 ఫిబ్రవరిలో వెలువడిన 5.6.0 కూర్పులోను, మార్చిలో వెలువడిన 5.6.1 కూర్పులోను ఒక దొంగవాకిలి అమర్చెను. ఆ పేరు వెనుక ఎవరున్నదియు నేటికిని తేలలేదు. డెబియన్‌లో దూరప్రవేశమునకు ఉపకరించు ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు, మరొక లైబ్రరీ మూలముగా, ఈ లైబ్రరీతో ముడిపడియుండెను. ఆ ముడి ఆధారముగా సర్వరులో చొరబడుటయే దొంగవాకిలి ఉద్దేశము.

దానిని పట్టుకొన్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను పోస్ట్‌గ్రెస్ డేటాబేసు కార్యకర్త. డెబియన్ అస్థిరశాఖ నడుచుచున్న యంత్రములో ప్రవేశమునకు సుమారు అర సెకను ఎక్కువ పట్టుచుండుట గమనించి, కారణము త్రవ్వుచు పోయి, 2024 మార్చి 29న సంగతి బయటపెట్టెను. అప్పటికి ఆ కూర్పులు డెబియన్ పరీక్షాశాఖలలోనికి వచ్చియుండెను. స్థిరశాఖయైన డెబియన్ 12లో 5.4.1 ఉన్నది గనుక అది సురక్షితముగా ఉండెను.

చేయవలసిన పని తేటతెల్లము: పాతదైన 5.4.5కు మరలవలెను. కాని మరలుటకు దారి ఏది? ఆప్ట్ నియమములలో మొట్టమొదటిది, వాడువాడు ప్రత్యేకముగా ఆజ్ఞాపించిననే తప్ప ఎన్నడును చిన్న సంఖ్యకు దిగరాదు అనునది. 5.4.5-2 అని పంపినచో డెబియన్ భాండాగారమే అంగీకరింపదు. ఆ శాఖలో అంతకంటె పెద్ద సంఖ్య ఉన్నది. ఒకవేళ అంగీకరించినను, విషము త్రాగిన యంత్రములు "నాయొద్ద 5.6.1 ఉన్నది, ఇది పాతది, అక్కరలేదు" అని విరుగుడును త్రోసిపుచ్చును. ప్రతి ఒక్కరును స్వయముగా పూనుకొని వెనుకకు దింపవలెనన్నచో, వార్త వినినవారు దింపుకొందురు. విననివారు విషముతో మిగిలిపోవుదురు.

అందుచేత పుట్టినది ఆ వింత సంఖ్య. యంత్రము "5.6.1" అని చదివి, దాని తరువాత "+" చూచి, ఇది 5.6.1 కంటె పెద్దదని సంతోషముగా స్వీకరించెను. మనుష్యుడు "నిజమునకు 5.4.5" అని చదివెను. ఎప్పటివలె క్రొత్తవానిని తెచ్చుకొను సామాన్యమైన ఆజ్ఞతోనే పాతది వచ్చి చేరెను. శకము చేర్చక ఈ ఉపాయమునే ఎన్నుకొనుటలో దూరదృష్టియు కలదు. శకము ఎన్నటికిని పోదు. ఈ తోకయో, మూలకర్తలు 2024 మే నెలలో వెలువరించిన శుభ్రమైన 5.6.2 వంటి సంఖ్య వచ్చినంతనే అవసరము తీరి రాలిపోవును.

కనుక ఆ సంఖ్య మనుష్యునికి అసత్యము చెప్పలేదు. కాని అది మరొకరికి చెప్పినది. "ఈ లైబ్రరీ 5.6.0 గాని, అంతకంటె పెద్దది గాని నాకు కావలెను" అని కోరు ప్యాకేజీ ఒకటి ఉన్నదనుకొనవలెను. దాని ఆధారముల జాబితాను చదివిన ఆప్ట్, యంత్రములో 5.6.1+రియల్లీ5.4.5 ఉన్నది గనుక కోరిక తీరినదని చెప్పును. లోపల ఉన్నది 5.4.5. క్రొత్త కూర్పులో మాత్రమే ఉన్న సదుపాయమునకై ఆ ప్యాకేజీ చేయి చాచినపుడు అది దొరకదు. శకము చేర్చినను ఇదే చిక్కు. క్రమము కొరకు వ్రాసిన సంఖ్యను గుణము కొరకు చదివిన ఫలమిది. పద్ధతిలోని అసలు లోపము ఇచ్చట ఉన్నది.

వెనుకకు పోవుట ఏల కష్టము

వెనుకడుగును నిషేధించినందుకు డెబియన్‌ను తొందరపడి నిందింపరాదు. ఆ నిషేధమునకు బలమైన కారణము కలదు. ప్రోగ్రాము క్రొత్త కూర్పునకు మారునపుడు తన దత్తాంశమును క్రొత్త రూపమునకు మార్చుకొనవచ్చును. ఆ మార్పును ప్యాకేజీలోని ఆదేశపత్రములు జరుపును. పాత కూర్పు పుట్టినపుడు క్రొత్త రూపము లేనేలేదు. దానిని చదువుట పాతదానికి ఎట్లు తెలియును? తండ్రి వ్రాసిన ఖాతా కొడుకు చదువగలడు. కొడుకు క్రొత్త పద్ధతిలో వ్రాసిన ఖాతాను తండ్రి చదువుననుటకు నమ్మకము లేదు. డీపీకేజీ చేతికి పాత మూటనిచ్చినచో హెచ్చరించి విప్పును గాని, దత్తాంశమును వెనుకకు మార్చు పూచీ దానిది కాదు.

ఈ చిక్కును పేరుతో విడదీసిన మంచి ఉదాహరణము పోస్ట్‌గ్రెస్ డేటాబేసు. దాని పెద్ద కూర్పులు ఒకదాని దత్తాంశమును మరొకటి నేరుగా చదువలేవు. డెబియన్‌వారు పెద్ద కూర్పు సంఖ్యను ప్యాకేజీ పేరులోనే చేర్చిరి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-13, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-15 అనునవి వేరువేరు ప్యాకేజీలు. రెండును ఒకే యంత్రములో ప్రక్కప్రక్కన ఉండగలవు. దత్తాంశమును ఒకదానినుండి మరొకదానికి తరలించుటకు వేరొక ఆజ్ఞ కలదు. పాతది అక్కడనే ఉన్నది గనుక, తరలింపు బెడిసికొట్టినను కొంప మునుగదు. పద్ధతిలో వెనుకదారి కట్టుట అసాధ్యము కాదనుటకు ఇదియే సాక్ష్యము.

ఆపుదలయు, దాని మూల్యమును

వెనుకకు పోలేనివాడు ముందుకు పోకుండ నిలుచుటకైనను వీలుండవలెను. డెబియన్ ఇందులకు రెండు సాధనములిచ్చినది. మొదటిది హోల్డ్, అనగా ఆపుదల. ఆప్ట్-మార్క్ హోల్డ్ అని ఆజ్ఞయిచ్చి ప్యాకేజీ పేరు చెప్పినచో, ఆ ప్యాకేజీ ఉన్నచోటనే ఉండును. రెండవది పిన్ను గ్రుచ్చుట. ప్రతి కూర్పునకును ఒక ప్రాధాన్యసంఖ్య కలదు. సాధారణముగా భాండాగారములోని కూర్పులకు 500, వాడువాడు ఎన్నుకొన్న శాఖలోని వానికి 990, ఇదివరకే స్థాపించియున్నదానికి 100. ఈ అంకెలను వాడువాడు మార్చుకొనవచ్చును. ఋణసంఖ్య ఇచ్చినచో ఆ కూర్పు ఎన్నటికిని రాదు. వేయిగాని, అంతకు మించిగాని ఇచ్చినచో, చిన్న సంఖ్యయైనను వచ్చి కూర్చుండును. నిషేధించిన వెనుకదారికి తాళపుచెవి ఇదియే.

ఈ రెండింటిలో పిన్ను పద్ధతి శక్తిమంతము; కాని దుర్గ్రాహ్యము. 990కిని 1000కిని నడుమ ఉన్న పది అంకెల దూరములో "రావచ్చును" అన్నది "వెనుకకైనను రావలెను" అని మారిపోవునని అంకెను చూచి ఎవరు ఊహింపగలరు? మాటతో చెప్పవలసిన దానిని అంకెతో చెప్పుట వలన కలిగిన క్లిష్టత ఇది.

ఆపుదల సులభము; కాని దాని ప్రమాదము సులభముగా కనబడదు. ఒక ప్రోగ్రాము క్రొత్త కూర్పు నచ్చక దానిని ఆపినవాడు, దానికి రాబోవు భద్రతా సవరణలను కూడ ఆపుచున్నాడు. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను ఆపియుంచిన యంత్రమునకు డెబ్7యు5 చేరదు. గుణములలో మార్పు వలదు, సవరణ కావలెను అని విడదీసి చెప్పుటకు ఆపుదలలో చోటు లేదు. ఏల ఆపినది, ఎంతకాలమునకు ఆపినది అని వ్రాసికొనుటకును అందులో చోటు లేదు. ఆపినవాడు ఉద్యోగము మారి పోవును. తరువాత వచ్చినవాడు ఆ ఆపుదలను కదలించుటకు భయపడును. కారణము మరచిన కట్టుబాటు వలె అది యంత్రముతో పాటు ముసలిదగును.

మరొక మార్గము

సంఖ్యల క్రమముపై ఆధారపడని మార్గము లేకపోలేదు. నెదర్లాండ్సు దేశమున ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు 2006లో సమర్పించిన సిద్ధాంతవ్యాసములో ఎల్కో డోల్స్ట్రా నిక్స్ అను పద్ధతిని వివరించెను. ఇందులో ఒక ప్యాకేజీని తయారుచేయుటకు వాడిన సమస్తమునుండి, అనగా మూలపాఠము, ఆధారములు, ఆదేశములు అన్నిటినుండి గణించిన ఒక ముద్రాక్షరముల వరుస ఆ ప్యాకేజీ ఉండు ఫోల్డరు పేరులో చేరును. ఏ చిన్న భేదమున్నను ముద్ర మారును. కావున పది కూర్పులైనను ఒకదానినొకటి త్రొక్కకుండ ప్రక్కప్రక్కన ఉండును. ముందుకు పోవుట ఎంత సులభమో వెనుకకు మరలుటయు అంతే సులభము. నిన్నటి ఏర్పాటు ఇంకను డిస్కులోనే ఉన్నది. దానివైపు వ్రేలు త్రిప్పినచో చాలును. రియల్లీ అను తోక అక్కడ అనవసరము.

అయితే దీనికిని వెల కలదు. డిస్కులో చోటు ఎక్కువ పట్టును. ఊరుమ్మడి బావిలో నీరు మారినచో, దానిపై ఆధారపడిన ప్రతి ప్యాకేజీ ముద్రయు మారును గనుక, అన్నిటిని మరల తయారుచేయవలెను. అడుగున ఉన్న లైబ్రరీకి సవరణ వచ్చినపుడు ఈ శ్రమ కొండంత. డెబియన్‌లో అట్టి సందర్భమున ఒక్క చిన్న మూట పంపి ఊరుకొందురు. నిక్స్ ప్రోగ్రామును వెనుకకు మరల్చును గాని, ఆ ప్రోగ్రాము మార్చివేసిన దత్తాంశమును మరల్చదు. తండ్రి, కొడుకుల ఖాతా చిక్కు అక్కడను ఉన్నదే.

తీర్పు

డెబియన్ పద్ధతి ముందుకు నడచుటకు కట్టిన రాజమార్గము. దానిపై ముప్పది సంవత్సరములకు పైగా లోకము నడచినది. ఆ నడకకు కావలసిన వ్యాకరణమును దాని కర్తలు మితముగాను, నేర్పుగాను కూర్చిరి. మూలకర్తల సంఖ్యను, తమ సవరణ సంఖ్యను వేరుచేసి చూపుట వారి ఉత్తమ సాధన. హార్ట్‌బ్లీడ్ నాడు అది ఫలించినది.

లోపము మరొక చోట ఉన్నది. ఒకే సంఖ్యచేత వారు రెండు పనులు చేయించిరి: లోపల ఏమున్నదో చెప్పుట, ఏది తరువాతిదో చెప్పుట. ఈ రెండును కలసి నడచినంతకాలము చిక్కు లేదు. 2024లో వలె విడిపోయినపుడు, ఒకదానికొరకు మరొకదానిని బలిపెట్టవలసివచ్చినది. గ్రంథాలయములలో ఈ చిక్కు ఏనాడో తీరినది. వచ్చిన ప్రతి గ్రంథమునకును వచ్చిన వరుసలో ఒక ప్రవేశసంఖ్య ఇత్తురు. అది ఎన్నవ కూర్పో వేరొక గడిలో వ్రాయుదురు. మూడవ కూర్పు వచ్చిన తరువాత రెండవ కూర్పు ప్రతి ఒకటి దానముగా వచ్చినచో, దానికి పెద్ద ప్రవేశసంఖ్య పడును. కూర్పు గడిలో "రెండు" అనియే ఉండును. ఎవరును అసత్యము చెప్పనక్కరలేదు. ప్యాకేజీకిని ఇట్టి రెండు గడులుండినచో, ఆప్ట్ ప్రవేశసంఖ్యను చూచి స్వీకరించును; ఆధారముల జాబితా కూర్పు గడిని చూచి సరిపోల్చుకొనును. ఉన్న కట్టడమునంతటిని మార్చుట సులభము కాదు. కాని లోపమెచ్చటనున్నదో తెలిసియుండుట, మార్పు కుదరనపుడును, మేలు చేయును.

ఆ మేలు వాడువారి చేతిలో ఉన్నది. కూర్పు సంఖ్యను తోకవరకు చదువవలెను. పెద్ద సంఖ్య మంచిదనియు, చిన్న సంఖ్య చెడ్డదనియు తీర్పు చెప్పక, ప్యాకేజీతో వచ్చు మార్పుల పట్టికను తెరచి ఏమి మారినదో చూడవలెను. ఆపుదల పెట్టినవారు దాని కారణమును, తేదీని మరొకచోట వ్రాసియుంచి, ఆ భద్రతా సవరణలను తామే విచారించుకొనుచుండవలెను. ముఖ్యమైన దత్తాంశమునకు, మార్పునకు ముందు, ఒక నకలు తీసియుంచవలెను. ఏలయన ప్రోగ్రామును వెనుకకు మరల్చు ఉపాయములు పెక్కు కలవు గాని, మారిపోయిన ఖాతాను మరల్చునది ఆ నకలు ఒక్కటే.